బందరు డాక్టరు, నాగపూర్ గవర్నరు

సిరొంచ
ఆదివారం పొద్దున

తల్లీ, చిన్నోడా,

మొన్న ఫోన్లో చిన్నోడు అడిగినదానికి నవ్వి ఊరుకున్నాను. "తాతా, డాక్టరు దవాఖాన బందుపెట్టి ఓట్లల్ల నిలబడితే మరి సూదులు ఎవరు వేస్తరు?" అన్నాడు వాడు. వెనక నుంచి అక్క, "నీట్ కోసం నేనిక్కడ చస్తుంటే, డాక్టరయ్యాక కూడా రాజకీయాలా!" అని అరిచింది. అంతలో సిగ్నల్ పోయింది. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రెండు రాత్రులు దాంతోనే గడిచాయి. అందుకే ఈ ఉత్తరం.

తెలుగులోనే రాస్తున్నాను. చంద్రపూర్‌లో మీ చదువు మరాఠీలో అని తెలుసు. నా చదువూ మరాఠీలోనే సాగింది. తెలుగు అక్షరాలు మాత్రం ఎండాకాలం సెలవుల్లో నది దాటి కాళేశ్వరం పోయి మా మేనమామ దగ్గర దిద్దుకున్నాను. మరాఠీలో 'ళ' ఉంది కాబట్టి మన 'ళ' మీకు కొత్త కాదు. తట్టుకున్న చోట అమ్మను అడగండి.

నేను పుట్టింది 1948లో. అప్పుడు మన ఊరు సెంట్రల్ ప్రావిన్సెస్ అండ్ బేరార్‌లో ఉండేది. 1950లో దాని పేరు మధ్యప్రదేశ్ అయింది. 1956 నవంబరు 1న బొంబాయి రాష్ట్రంలో కలిశాం, 1960 మే 1న మహారాష్ట్రలోకి వచ్చాం. జిల్లా కూడా అంతే, మొదట చాందా, తర్వాత చంద్రపూర్, 1982 నుంచి గడ్చిరోలి. ఇన్ని పేర్లు మారినా ఊరు జానెడు కదల్లేదు. ప్రాణహిత ఒడ్డే ఏటేటా కాస్త కోసుకుపోతుంటుంది, అంతే.

ఆ మధ్యప్రదేశ్ రోజుల్లో రాజధాని నాగపూర్. మా నాయన ఫారెస్టు డిపోలో గుమాస్తా. నాగపూర్ నుంచి సర్కారు కాగితం ఏదొచ్చినా, "మన గవర్నరు తెలుగాయనేరా, బందరు డాక్టరు" అని పక్కవాళ్ళకు చెప్పేవాడట. గవర్నరు అంటే ఏమిటో తెలియని వయసులోనే నేను ఆ మాట విన్నాను. ఆ డాక్టరే భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు.

ఆయన 1880 నవంబరు 24న గుండుగొలను అనే ఊళ్ళో పుట్టారు. ఇప్పుడది ఏలూరు జిల్లాలో ఉంది. చిన్నప్పుడే తండ్రి పోయాడు, ఇంట్లో లేమి. అయినా మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఎ. చదివి, ఆ తర్వాత ఎం.బి.సి.ఎం. పట్టా తీసుకున్నారు. అక్క చదవబోయే ఎంబీబీఎస్‌కు అది తాత లాంటిది. వైద్యంలో బ్యాచిలరు, శస్త్రచికిత్సలో మాస్టరు అని దాని అర్థం. 1906లో మచిలీపట్నంలో, అంటే బందరులో ప్రాక్టీసు పెట్టారు. చేయి మంచిదని పేరొచ్చింది, రాబడీ బాగుండేది. పదేళ్ళకు, 1916లో, ప్రాక్టీసు ఆపేశారు.

ఎందుకు ఆపారని అడుగుతారు మీరు. ఆయన మనసులో దూరి చెప్పే తెలివి నాకు లేదు. కంపౌండరుగా నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దవాఖానలో మందు నీళ్ళ మందే, మిక్చరు. సీసా రోగే తెచ్చుకోవాలి. మందు పోసి, బిరడా పెట్టి, సీసా పక్కన ఒక కాగితం ముక్క అంటించేవాళ్ళం. ఆ ముక్కను మడిచి అంచున కత్తెరతో గాట్లు పెడితే విప్పినప్పుడు మెట్లు మెట్లుగా వస్తుంది. ఒక్కో మెట్టు ఒక్కో డోసు. చదువు రానివాళ్ళు కూడా వేలు పెట్టి చూసి ఒక మెట్టు తాగేవాళ్ళు. ఒక వానాకాలం ఒకాయన అదే సీసా పట్టుకుని మళ్ళీ మళ్ళీ వచ్చాడు. జ్వరం తగ్గేది, నీరసం పోయేది కాదు. ఆరోసారి కాగితం అంటించబోతే అది నిలవలేదు. గోటితో గీకి చూశాను. కింద అయిదు పొరలు, పొరకో రంగు పాత జిగురు. ఎందుకో దాన్ని తీసుకెళ్ళి డాక్టరు గారికి చూపించాను. ఆయన సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, రోగిని రెండే రెండు అడిగారు. "రాత్రి ఏం తిన్నావ్? వడ్లు ఎక్కడున్నయ్?" వడ్లు కల్లంలోంచే సావుకారి ఇంటికి పోయాయట. ఏడాది కింద తీసుకున్న అప్పుకు. డాక్టరు గారు ఆ పూట మందు రాయలేదు. రాయడానికి ఏం లేదు కూడా.

పట్టాభి గారి పనులు చదివినప్పుడల్లా ఆ సీసా కళ్ళముందుకొస్తుంది. ప్రాక్టీసు మానిన మనిషి ఉత్త ఉపన్యాసాలు చెప్పుకుంటూ తిరగలేదు. 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. నవంబరు 20న రిజిస్టరు అయింది, 28న పని మొదలైంది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. ఆ తర్వాత ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు. అంతకుముందు 1910లోనే కోపల్లె హనుమంతరావు గారు, కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావు గారు, ఈయన కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల నిలబెట్టారు. బ్యాంకు పెట్టినంత మాత్రాన సావుకార్లు మాయమైపోయారని అనను, మన దగ్గర ఈనాటికీ ఉన్నారు. అయితే అప్పు ఎక్కడ పుడుతుంది, ఎంత వడ్డీకి పుడుతుంది అన్నది ఒంటికి సంబంధించిన విషయమేనని ఆ సీసా నాకు నేర్పింది. బందరులో పదేళ్ళు నాడి పట్టిన మనిషికి ఒకరు నేర్పాలా!

చిన్నోడా, మీ నాన్న భూపాలపల్లి గనిలో చేరినప్పుడు తీసుకున్న పాత పాస్‌బుక్ ఇంట్లో ఉంది. అట్ట మీద ఆంధ్రా బ్యాంకు అనే ఉంటుంది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. డాక్టరు పెట్టిన బ్యాంకులో బొగ్గుగని జీతం పడిందన్నమాట.

ఇక జైళ్ళ సంగతి. ఉప్పు సత్యాగ్రహంలో పోయారు, మళ్ళీ మళ్ళీ పోయారు. 1942 ఆగస్టులో నెహ్రూ, పటేల్, ఆజాద్ లాంటి వాళ్ళతో పాటు ఈయన్నీ అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. మీరు ఇప్పుడు అహిల్యానగర్ అంటున్నది అదే. దాదాపు మూడేళ్ళు లోపలే.

దానికి ముందు 1939లో ఒక ఓటమి ఉంది. చాలామందికి ఆయన పేరు దాంతోనే తెలుసు, అది నాకు నచ్చదు. కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సుభాష్ చంద్రబోస్ మీద గాంధీగారి వైపు నుంచి నిలబడ్డారు. ఆజాద్ తప్పుకుంటే ఈయన నిలబడాల్సి వచ్చింది. బోస్‌కు 1580 ఓట్లు వచ్చాయి, ఈయన రెండు వందల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. పట్టాభి ఓటమి తన ఓటమేనని గాంధీగారు అన్నారు. ఆ మాటతో గెలుపోటముల లెక్క మారిపోయింది, పట్టాభి గారు పక్కకుపోయారు. మహాసభ జరిగింది జబల్‌పూర్ దగ్గర త్రిపురిలో. బోస్ ఒళ్ళు కాలే జ్వరంతో స్ట్రెచర్ మీద వచ్చారు. కంపౌండరు బుద్ధి కదా, ఆ చరిత్ర చదివితే నాకు ముందు ఆ జ్వరమే కనిపిస్తుంది. పదమూడేళ్ళ తర్వాత అదే త్రిపురి ఉన్న రాష్ట్రానికి ఓడిన మనిషి గవర్నరుగా వచ్చారు.

ఇప్పుడు అసలు సంగతి. మన ఊరికి సంబంధించింది ఇదే.

తెలుగువాళ్ళకు విడిగా ఒక రాష్ట్రం ఉండాలని మొదటి నుంచీ గట్టిగా వాదించిన వాళ్ళలో పట్టాభి గారు ముందుంటారు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పటి మాట అది. ఇంగ్లీషు వాడి పటంలో అంతా మద్రాసు ప్రెసిడెన్సీయే అయినా, 1918 నాటికే కాంగ్రెస్ తన లోపల ఆంధ్రను విడి శాఖగా ఒప్పుకుంది. దాని వెనక ఈయన పట్టుదల ఉంది. స్వరాజ్యం వచ్చింది. 1948లో పురుషోత్తమ్‌దాస్ టాండన్ మీద గెలిచి ఈయనే కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. భాషా రాష్ట్రాల విషయం తేల్చమని ముగ్గురితో కమిటీ వేశారు. జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు కలిపి జె.వి.పి. కమిటీ అన్నారు.

1949లో ఆ కమిటీ ఏం చెప్పింది? భాషా రాష్ట్రాలకు ఇది సమయం కాదు, ముందు దేశం నిలవాలి అంది. ఆంధ్ర విషయం కావాలంటే చూడవచ్చు గానీ, మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలి అంది. ముప్పై ఏళ్ళకు పైగా రాష్ట్రం కావాలన్న మనిషి దాని కింద సంతకం పెట్టారు. తెలుగు నేలంతా భగ్గుమంది.

దేశం రెండు ముక్కలైన నెత్తుటి గాయం ఇంకా పచ్చిగా ఉంది, ఇప్పుడే ఇంకో కోత వద్దు అని డాక్టరు అనుకుని ఉండొచ్చు. అందులో తప్పు లేదు. కానీ పథ్యం రాసిచ్చాక రోగి దగ్గర కూర్చోవాలి. అది జరగలేదని నా అభిప్రాయం. 1952లో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు ఉపవాసం ఉండి డిసెంబరు 15న ప్రాణం వదిలారు. అప్పటికి పట్టాభి గారు నాగపూర్‌లో గవర్నరు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు లేకుండానే. నివేదికలో రాసిన షరతే చివరికి నిలిచింది. అయినా దానికి ఆయన్ను మెచ్చుకున్నవాళ్ళు నాకు కనబడలేదు.

తర్వాత 1956. భాష లెక్కన దేశమంతా గీతలు గీశారు. ఆదిలాబాదు జిల్లా నుంచి కిన్వట్, రాజురా తాలూకాలను కోసి ఇటు కలిపారు, అక్కడ మరాఠీ ఎక్కువని. మన సిరొంచ తాలూకాలో తెలుగు ఉన్నా, చాందా జిల్లాతో పాటే బొంబాయికి పోయింది. దాన్ని ఎవరూ విడిగా కోయలేదు. ఆ నవంబరు 1న పట్టాభి గారు నాగపూర్ వదిలి కొత్త మధ్యప్రదేశ్‌కు మొదటి గవర్నరుగా భోపాల్‌లో ప్రమాణం చేశారు. మాకు తెలుగు గవర్నరు పోయాడు. నాకు ఎనిమిదేళ్ళు. మా నాయన ఆ రోజు ఎప్పటిలాగే డిపోకు పోయి దుంగలు లెక్కపెట్టి వచ్చాడు. సాయంత్రం మాత్రం, "ఇగ నువ్వు మరాఠీ మంచిగ నేర్చుకోవాలెరా" అన్నాడు. నేర్చుకున్నాను. దాంతోనే ఉద్యోగం వచ్చింది, అబద్ధం ఎందుకు. గీత అటు గీసి ఉంటే మనం బాగుపడేవాళ్ళమా, ఇంకోలా ఉండేవాళ్ళమా అని ఇప్పుడు నేను పెద్దగా తలబద్దలు కొట్టుకోను. వంతెన వచ్చాక కాళేశ్వరం పది నిమిషాల దూరం.

1957 దాకా గవర్నరుగా చేసి, 1959 డిసెంబరు 17న హైదరాబాదులో పోయారు.

చిన్నోడా, నీ ప్రశ్న మరిచిపోలేదు. సూదులు ఎవరు వేస్తారు? డాక్టర్లలో రాజకీయాల్లోకి పోయినవాళ్ళు ఇంకా ఉన్నారు. నది అవతల ముఖ్యమంత్రులైన చెన్నారెడ్డి గారు, రాజశేఖరరెడ్డి గారు ఇద్దరూ డాక్టర్లే. బెంగాల్‌లో బి.సి. రాయ్ గారని ఉండేవారు, ఏటా జులై 1న మీ బడిలో డాక్టర్స్ డే చేస్తారే, ఆయన పుట్టింది, పోయింది ఆ తేదీనే. 1948 నుంచి 1962లో పోయేదాకా ముఖ్యమంత్రిగా ఉండి కూడా పొద్దున్నే బీదవాళ్ళకు ఉచితంగా రోగం చూసి మందు రాసిచ్చేవారు. పట్టాభి గారు అలా కాదు, ఆపితే ఆపారు. నాకు రాయ్ గారి పద్ధతే ఇష్టం. కానీ రోజంతా రోగులే ఉంటే బ్యాంకు కాగితాలు ఎవరు రాసేవాళ్ళని కూడా అనిపిస్తుంది. బందరులో ఒక డాక్టరు తప్పుకుంటే ఇంకొకరు ఉంటారు. నేను పనిచేసిన చోట డాక్టరు పోతే ఆ కుర్చీ ఏడాదంతా ఖాళీగానే ఉండేది. ఆ ఏడాదిలో నేను వేసిన సూదులు, నా పరిధి కానివి కూడా, లెక్కలేనన్ని. కాబట్టి అక్కా, నువ్వు డాక్టరై ఎమ్మెల్యేకు నిలబడేదుంటే నీ కుర్చీలో ఎవరు కూర్చుంటారో ముందు తేల్చుకుని పో. నా ఓటు ఎలాగూ నీకే, ఎంత పోట్లాడినా.

ఆ అయిదు పొరల సీసా నా దగ్గరే ఉంది, అలమారలో పంచదార డబ్బా వెనక. రోగి ఆ పూట దాన్ని బల్ల మీదే వదిలేసి పోయాడు, మళ్ళీ రాలేదు. దీపావళికి వచ్చినప్పుడు చూపిస్తాను. పాస్‌బుక్ కూడా తీసిపెట్టమని మీ నాన్నకు చెప్పాను. బస్సు ఆలాపల్లిలో కాసేపు ఆగుతుంది, దిగి చాయ్ తాగండి. అక్కణ్ణుంచి రోడ్డు సంగతి మీకు తెలుసు, వెనక సీట్లలో కూర్చోకండి.

మీ తాత