చిలుము పట్టని జాయింటు

కళింగపట్నం వైపు నుంచి తెల్లవారకముందే శ్రీకాకుళం వచ్చే చేపల ఆటోలను వెనక నుంచి చూడండి. ఒక బ్రేకు లైటు వెలిగితే రెండోది వెలగదు. బల్బు పోయిందనుకుని మారుస్తారు, కొన్నాళ్లకు మళ్లీ అదే కథ. చాలాసార్లు బల్బు నిక్షేపంగానే ఉంటుంది, పాడైంది దాని వెనక టేపు చుట్టిన జాయింటు. టేపు విప్పితే ఎర్రగా మెరవాల్సిన రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి, వేలు తగలగానే పొడిపొడిగా రాలిపోతాయి. ట్రేల్లో కరిగిన ఐసు నీళ్లు, చేపల ఉప్పునీళ్లు కలిసి కారేది సరిగ్గా అక్కడికే.

హారనో, ఫాగ్ లైటో, పాటల సిస్టమో, ఏది కొత్తగా పెట్టించినా బండి వైరింగును ఎక్కడో ఒకచోట ఒలవక తప్పదు. ఎలక్ట్రీషియన్ పోగులు మెలిపెట్టి, టేపు చుట్టి, స్విచ్ వేసి చూపిస్తాడు. "లైటు ఎలుగుతోంది కదా బాబూ, ఇంకేటి?" అంటాడు. అతను అన్నదీ నిజమే. జాయింటు సంగతి తేలేది ఒక వానాకాలం దాటాక.

రెండు లోహాలు ఒకదానికొకటి ఆనుకున్నప్పుడు, కంటికి నున్నగా కనిపించినా, వాటి ఉపరితలమంతా మిట్టపల్లాలే. రెండు ఉద్దానం పనసకాయలను ఒకదానికొకటి ఆనించి పట్టుకుంటే ముళ్ల కొనల దగ్గరే తగులుతాయి కదా, ఇదీ అంతే. కరెంటంతా ఆ కొద్దిపాటి చుక్కల గుండానే పోవాలి. స్వీడన్ భౌతిక శాస్త్రవేత్త రాగ్నర్ హోల్మ్ జీవితంలో చాలా భాగం ఈ చుక్కల గురించే పరిశోధించాడు. గట్టిగా నొక్కితే కొనలు చదునై, తాకే చోటు పెరిగి, నిరోధం తగ్గుతుంది. చేత్తో మెలిపెట్టిన పోగుల్లో ఆ ఒత్తిడి మొదట కొంత ఉంటుంది. ఇంజను వేడికి వ్యాకోచించి, చల్లారాక ముడుచుకుని, గతుకులకు అదిరి అదిరి అది సడలిపోతుంది. సడలిన సందులోకి గాలి చేరి రాగి మీద ఆక్సైడు పొర కడుతుంది. ఈ ఆక్సైడు మంచి వాహకం కాదు, అర్ధవాహకం. 1920ల నుంచి కొంతకాలం ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్లను దీనితోనే చేసేవారు. మన బ్రేకు లైటుకు మాత్రం దానితో ఏ పనీ లేదు.

దీనికి ఉప్పు తోడైతే ఇక చెప్పేదేముంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీరు లాక్కుని కరుగుతుంది. తీరం ఊళ్లలో రాత్రిపూట అంత తేమ మామూలే కాబట్టి, ఉప్పు పట్టిన జాయింటు వాన పడకపోయినా తడుస్తూనే ఉంటుంది. ఆ తడి సన్నటి పోగుల మధ్య నుంచి తొడుగు లోపలికి పాకుతుంది కూడా. అందుకే పాత జాయింటు కోసేశాక ఇంకో జానెడు ఒలిచినా లోపల రాగి నల్లగానే కనిపిస్తుంది. మెరిసే రాగి వచ్చేదాకా కోసి, కొత్త ముక్క వేయడం తప్ప వేరే దారి లేదు.

"పోతే ఫ్యూజు పోతుంది, టెన్షన్ ఎందుకు?" అని చాలామంది అనుకుంటారు. ఇక్కడే అసలు చిక్కుంది. ఫ్యూజు కాలేది కరెంటు ఎక్కువైనప్పుడు. చెడ్డ జాయింటు కరెంటును పెంచదు, దాని నిరోధం వల్ల కాస్త తగ్గిస్తుంది. 60 వాట్ల హెడ్‌లైటు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు లాగుతుంది. జాయింటులో 0.1 ఓమ్ నిరోధం పెరిగితే అక్కడ సుమారు అర వోల్టు పోయి, రెండున్నర వాట్లు వేడిగా మారతాయి. ఫిలమెంటు బల్బుకు అర వోల్టు తగ్గితే వెలుతురు 13 శాతం దాకా పడిపోతుంది. రెండు హెడ్‌లైట్లకూ అదే జాయింటైతే కరెంటు రెట్టింపై, వేడి నాలుగింతలవుతుంది, అంటే దాదాపు 10 వాట్లు. టంకం వేసే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుందని గుర్తుంచుకుంటే, టేపు లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది. మామూలు పీవీసీ తొడుగు తట్టుకునేది 70 డిగ్రీల సెల్సియస్ దాకానే. తొడుగు మెత్తబడి జారుతున్నా 15 ఆంపియర్ల ఫ్యూజుకు అదేమీ తెలియదు.

బజారులో దొరికే వాటిలో అందరికీ సులువుగా కనిపించేది ప్లాస్టిక్ క్లిప్పు. వైరు కోయకుండా, ఒలవకుండా మధ్యలో పెట్టి ప్లేయరుతో నొక్కితే, లోపలి రేకు తొడుగును చీల్చుకుని రాగిని పట్టుకుంటుంది. ఈ సూత్రంలో తప్పేమీ లేదు. టెలిఫోన్ కేబుళ్ల జాయింట్లలో గ్రీజు లాంటి జెల్ నింపిన ఇలాంటి కనెక్టర్లను ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. అయితే అక్కడిది ఒంటి తీగ, దానిలో పారే కరెంటు స్వల్పం, కదలిక అసలే లేదు. బండి వైరులో సన్నటి పోగులు చాలా ఉంటాయి. వైరు సైజుకు క్లిప్పు సరిపోకపోతే రేకు కొన్ని పోగులను తెంపేస్తుంది, లేదా సరిగ్గా అందుకోదు. చీరిన చోటు తెరుచుకునే ఉంటుంది. క్యాబిన్ లోపల చిన్న లైటుకైతే సరే అనుకోవచ్చు గానీ, బంపరు వెనక, మడ్‌గార్డు కింద వీటిని నేనైతే పెట్టనివ్వను.

టంకం వేస్తే శాశ్వతమని ఇంకో నమ్మకం ఉంది. కరెంటు వరకు అది చక్కటి జాయింటే. కాకపోతే కరిగిన సీసం, తగరం పోగుల మధ్యకు పాకి వైరును కొంతదూరం కడ్డీలా బిగుసుకునేలా చేస్తాయి. ఆ కడ్డీ ఆగి మెత్తటి వైరు మొదలయ్యే చోటే, అదుర్లకు పోగులు ఒక్కొక్కటిగా విరుగుతాయి. వేసినవాడు వైరును దగ్గర్లోనే క్లాంపుతో కట్టి కదలనివ్వకపోతే టంకం ఎంత బాగా పట్టినా లాభం లేదు.

ఉప్పు గాలికి నా ఓటు, లోపల జిగురుండి వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ తొడుగుతో వచ్చే క్రింప్ కనెక్టర్లకే, అంటే వైరును లోపల పెట్టి నొక్కి బిగించే వాటికే. లోపల తగరపు పూత పూసిన రాగి గొట్టం ఉంటుంది. సరైన పనిముట్టుతో నొక్కితే లోహం పోగుల మధ్య సందుల్లోకి ఒదిగి, గాలి కూడా దూరనంత బిగుతుగా పట్టుకుంటుంది. కటింగ్ ప్లేయరుతో నొక్కితే గొట్టం చపటగా అణుగుతుంది, పోగులు మాత్రం లోపల కదులుతూనే ఉంటాయి. పూర్తిగా నొక్కేదాకా నోరు తెరవని ర్యాచెట్ క్రింపింగ్ టూల్ ఉన్న షాపును వెతకడం మేలు. కనెక్టరు రంగే సైజు చెబుతుంది: ఎరుపు 0.5 నుంచి 1.5, నీలం 1.5 నుంచి 2.5, పసుపు 4 నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల వైర్లకు. సన్నటి వైరును నీలం దానిలో దూర్చి "పట్టేసింది" అంటే ఒప్పుకోకండి, లాగి చూడమనండి. తర్వాత వేడిగాలి తగిలిస్తే తొడుగు బిగుసుకుని, లోపలి జిగురు కరిగి రెండు కొసల్లోనూ ఉబ్బి బయటికి కనిపించాలి. జిగురు కనిపించకపోతే నీటికి దారి ఉన్నట్టే. అగ్గిపుల్లతో కాలిస్తే తొడుగు ఒక వైపే మాడుతుంది.

పక్కపక్కన మూడు వైర్లకు జాయింట్లు వేయాల్సి వస్తే ఒకే వరసలో కాకుండా తలా ఒకచోట వేయించాలి. హ్యాండిల్ మెడ దగ్గర, డోరు మడతలో ఏ రకమూ నిలవదు.

జాయింటు ఎలా ఉందో తెలుసుకోవడానికి మల్టీమీటరును ఓమ్‌లలో పెట్టి కొలవడం దండగ. అది పంపే కరెంటు అంత చిన్నది కాబట్టి ఒక్క పోగు మిగిలినా బాగుందనే చెబుతుంది. లైటు వేసి, మీటరును డీసీ వోల్టులకు తిప్పి, జాయింటుకు అటూ ఇటూ ఉన్న లోహానికి పిన్నులు ఆనించండి. కొన్ని మిల్లీవోల్టులే చూపిస్తే దిగులు లేదు. 0.1 వోల్టు దాటితే విప్పాల్సిందే. ఇదే కొలత ఎర్తు వైరు బాడీకి బిగించిన బోల్టు దగ్గర కూడా చేయండి. అక్కడ పెయింటు గీకకుండా బిగించడం మామూలైపోయింది. మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, వైరు కొసకు రింగు లగ్గు (బోల్టు దూరే ఉంగరం లాంటి రేకు) పెట్టి, బిగించాకే పైన గ్రీజు పూయాలి.