నీళ్లున్నా కార్నేషన్ ఎందుకు ముడుచుకుంటుంది? పూలకొట్టులో వినే అపోహలు, వాస్తవాలు

బరంపురంలో పూలకొట్టు నడుపుతూ పెళ్లి డెకరేషన్లు చేస్తుంటాను. కొట్టుకి వచ్చేవాళ్లలో మనవాళ్లూ ఉంటారు, "భాయినా" అంటూ వచ్చే ఒడియావాళ్లూ ఉంటారు. అందరి ఫిర్యాదూ ఒకటే: నిన్న కొన్న పువ్వు ఇవాళే పోయింది. కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు. అలా చెప్పేవాటిలో సగం తప్పు.

అపోహ: పువ్వు వాడిందంటే నీళ్లు చాలలేదన్నమాట.

నేనూ అలాగే అనుకునేవాణ్ని. ఒక మాఘమాసం పెళ్లికి ముహూర్తం తెల్లవారుజామున పడింది. ముందురోజు మధ్యాహ్నమే కార్నేషన్ బకెట్లు పెళ్లివారి స్టోర్‌రూమ్‌లో పెట్టించాను. సారె పళ్లేల కోసం తెచ్చిన ముగ్గిన అరటి గెలలు, రెండు పెట్టెల ఆపిల్ పళ్లు కూడా అక్కడే ఉన్నాయి. ఎలుకలొస్తాయని కిటికీ మూసి, తలుపుకి తాళం వేశారు. రాత్రి మూడింటికి తలుపు తీస్తే కార్నేషన్ రేకల అంచులు లోపలికి చుట్టుకుని, పువ్వంతా మళ్లీ మొగ్గయిపోతున్నట్టుంది. కాడలు నిటారుగానే ఉన్నాయి, ఆకులు పచ్చగానే ఉన్నాయి, బకెట్లో నీళ్లు సగానికి పైనే ఉన్నాయి. పక్క బకెట్లో జెర్బరాలు మాత్రం తమకేం పట్టనట్టు నిలబడ్డాయి. అప్పటికప్పుడు సప్లయర్‌కి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, అతని తప్పేమీ లేదు.

వాస్తవం: పళ్లు ముగ్గేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. మొక్కలకి అది హార్మోన్. వయసు మళ్లేటప్పుడు కార్నేషన్ దాన్ని తనంతట తానే తయారుచేసుకుంటుంది. బయటి నుంచి కాస్త సోకితే ఆ పని ముందే మొదలెడుతుంది, తయారైనది ఇంకా తయారీని పెంచుతుంది. అందుకే రేకలు ఒకసారి చుట్టుకున్నాక నీళ్లు మార్చినా, కాడ కొత్తగా కోసినా మళ్లీ విచ్చుకోదు. పది లక్షల పాళ్ల గాలిలో ఒక్క పాలు ఇథిలీన్ ఒక రోజంతా ఉంటే చాలు, కార్నేషన్ పని అయిపోతుంది. అరటి మాగబెట్టే చాంబర్లలో అదే లెక్కన, అంటే పది లక్షలకి వంద పాళ్ల వరకు వాడుకోవడానికి మన ఆహార భద్రతా నిబంధనలు ఒప్పుకుంటాయి. పళ్ల మండీ పక్కన పూల బాక్సులు దించితే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి.

నీళ్ల సమస్యయితే వేరేలా కనిపిస్తుంది. గులాబీ, జెర్బరా మెడలు వాల్చేస్తాయి. చాలాసార్లు కాడ అడుగున బ్యాక్టీరియా పేరుకుని నీళ్లు పైకి ఎక్కకుండా అడ్డుపడుతుంది. దానికి శుభ్రమైన బకెట్, కాడ కొసన కొత్త కోత చాలు.

అపోహ: గ్యాస్ ఉంటే వాసన రాదా?

రాదు. పూలని పాడుచేసే మోతాదు మన ముక్కుకి అందేది కాదు. గ్యాస్ దీపాల రోజుల్లో గ్రీన్‌హౌస్‌లలో కార్నేషన్లు ఇలాగే "నిద్రపోతుంటే" షికాగోలో క్రాకర్, నైట్ అనే ఇద్దరు వెతికి, 1908లో ఆ గ్యాస్‌లోని ఇథిలీనే కారణమని తేల్చారు. పండు కూడా దాన్ని వదులుతుందని రుజువైంది 1934లో, అదీ ఆపిల్ మీద.

అపోహ: పళ్లు దూరంగా పెడితే చాలు.

పొగ సంగతి మరిచిపోతాం. ఏది సరిగ్గా కాలకపోయినా పొగలో ఇథిలీన్ ఉంటుంది. మంటపం వెనక డీజిల్ జనరేటర్, గేటు దగ్గర ఇంజన్ ఆపకుండా నిలిపిన ఆటో, మూసిన గదిలో ఝుణా (మన సాంబ్రాణి లాంటిదే) ధూపం. పూజ మానమని నేనెక్కడ అంటాను, కిటికీ తీయమంటాను అంతే. ఇంకొకటి, బకెట్లో నలిగిన ఆకు, బూజు పట్టిన పువ్వు కూడా ఇథిలీన్ వదులుతాయి. వాటిని ఏరి పారేయాలి.

అపోహ: అన్ని పూలకీ ఇదే జబ్బు.

కాదు. చామంతి, జెర్బరా, గ్లాడియోలస్ పూలు దీన్ని పెద్దగా పట్టించుకోవు. కార్నేషన్, జిప్సో (బొకేల్లో మధ్యమధ్య పెట్టే చిట్టి తెల్లపూలు), ఆర్కిడ్, డెల్ఫీనియం బాగా భయపడతాయి. గులాబీ సంగతి రకాన్ని బట్టి. చామంతి వాడితే ఇథిలీన్ మీదకి తోసేయకండి, అది మీ నీళ్ల తప్పే.

అపోహ: నీళ్లలో వెండి నాణెం వేస్తే పువ్వు ఆగుతుంది.

మా పెద్దత్త ఇప్పటికీ వేస్తుంది. "మీ శాస్త్రం రాకముందే మాకు తెలుసురా" అంటుంది. సగం నిజమే అత్తా! ఇథిలీన్ పువ్వుకి చెప్పే మాటని వెండి అయాన్లు పువ్వు చెవిన పడనివ్వవు. కానీ నాణెం నుంచి నీళ్లలోకి దిగే వెండి ఏ మూలకీ చాలదు. అందుకే పెంపకందారులు సిల్వర్ థయోసల్ఫేట్ ద్రావణంలో కాడలు ముంచి తీస్తారు. నెదర్లాండ్స్‌లో 1978లో అది కార్నేషన్‌కి పనిచేస్తుందని చూపించారు. ఇంట్లో వాడేది కాదు, కాలవలో పారబోసేది అసలే కాదు. వన్-ఎంసీపీ అని ఇంకో వాయువు ఉంది. ఇథిలీన్ కూర్చోవాల్సిన కుర్చీలో అది ముందే కూర్చుంటుంది. దాన్ని కూడా మూసిన గదిలో, పూలు మనదాకా రాకముందే పట్టించాలి. రేకలు చుట్టుకున్నాక ఏది పట్టించినా దండగ.

అపోహ: ఫ్రిజ్‌లో పెడితే ఇక టెన్షన్ లేదు.

చలికి ఇథిలీన్ తయారీ తగ్గుతుంది, పువ్వుకి సోకడమూ తగ్గుతుంది. ఇంతవరకు నిజమే. కానీ కింది డబ్బాలో ఆపిల్ పళ్లు పెట్టి, పై అరలో కార్నేషన్ బొకే పెడితే లాభమేంటి? డెండ్రోబియం ఆర్కిడ్ దండనైతే ఫ్రిజ్‌లో పెట్టనే పెట్టొద్దు. అది వేడి దేశాల పువ్వు, పది డిగ్రీల కిందికి దిగితే ఆ చలికే మచ్చలు పడి పాడవుతుంది. పళ్లు, పొగ లేని గదిలో తడిగుడ్డ కప్పి ఉంచండి, తెల్లారేదాకా ఆగుతుంది.