అడవి గురించి నన్ను తరచూ అడిగేవి: అపోహలు, వాస్తవాలు

అడవుల్లో చెట్లు కొలవడం నా పని. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున, అంటే సుమారు ఛాతీ దగ్గర, మాను చుట్టూ టేపు పెట్టి చుట్టుకొలత రాసుకుంటాం. ప్రతి చెట్టుకూ అల్యూమినియం బిళ్ల మీద ఒక నంబరు ఉంటుంది. కొన్నేళ్ల తర్వాత అదే చెట్టు దగ్గరికి వెళ్లి మళ్లీ అదే చోట టేపు పెడతాం. ఏది ఎంత లావెక్కింది, ఏది చచ్చిపోయింది, కొత్తగా ఏది లేచింది, ఇవే మా లెక్కలు. పనామాలోని బారో కొలరాడో దీవిలో 1980లో 50 హెక్టార్ల ప్లాటుతో ఈ పద్ధతి పెద్ద ఎత్తున మొదలైంది. మన దగ్గర నీలగిరుల కింద ముదుమలైలో 1988 నుంచి అలాంటి ప్లాటే ఉంది. ఉష్ణమండల అడవులు వాతావరణ మార్పును ఎలా తట్టుకుంటున్నాయో మనకు తెలిసిందంటే అందులో చాలా భాగం ఇలాంటి టేపుల చలవే. ఊరికి వెళ్లినా, కాలేజీ పిల్లలతో మాట్లాడినా కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. వాటి గురించే ఇది.

అపోహ: మనం పీల్చే ఆక్సిజన్‌లో 20 శాతం అమెజాన్ అడవిదే.

చెట్లు పగలు ఆక్సిజన్ వదులుతాయి, నిజమే. కానీ ఆ చెట్లే రాత్రింబగళ్లు ఊపిరి పీలుస్తాయి. రాలిన ఆకుల్నీ పడిపోయిన మానుల్నీ కుళ్లబెట్టే బూజులు, చెదలు, బ్యాక్టీరియా మిగిలింది వాడేసుకుంటాయి. పూర్తిగా పెరిగిన అడవిలో ఆక్సిజన్ రాబడి, ఖర్చు దాదాపు సరిపోతాయి. మనం పీల్చేది కోట్ల ఏళ్లుగా గాలిలో పోగుపడిన నిల్వ. అమెజాన్ తగలబడితే మనకు ఊపిరాడకపోవడం జరగదు. జరిగేది వేరు: మానుల్లో ఉన్న కర్బనం గాలిలో కలుస్తుంది, వానలు దెబ్బతింటాయి. అమెజాన్‌లో కురిసే వానలో సుమారు సగం ఆ అడవే ఆకుల ద్వారా పైకి పంపి మళ్లీ కురిపించుకుంటుందని బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనియాస్ సలాటి 1970ల్లోనే చూపించారు. మనకు దగ్గరి ఉదాహరణ పడమటి కనుమలు. తమిళనాడుకు నైరుతి రుతుపవనాల్లో వచ్చే వానలో గణనీయమైన వాటా ఆ కనుమల అడవులు వదిలే తేమదేనని ఐఐటీ బాంబే పరిశోధకులు 2018లో లెక్కగట్టారు. వానలు తక్కువైన ఏడాదుల్లో ఆ వాటా ఇంకా పెరుగుతుంది. అడవిని కాపాడాలనడానికి ఈ కారణాలు చాలు, లేని ఆక్సిజన్ లెక్క అక్కర్లేదు.

అపోహ: ఎండాకాలంలో నల్లమల ఎండిపోతుంది, అది అసలైన అడవి కాదు.

ఇది వింటే నాకు బాధేస్తుంది. మా పెదనాన్న శ్రీశైలం వెళ్లొచ్చిన ప్రతిసారీ "దారి పొడుగునా అన్నీ మోడులేరా, అడవి అయిపోయింది" అంటాడు. ఆయన వెళ్లేది శివరాత్రి దాటాక. పెదనాన్నా, అది చావు కాదు, పొదుపు. నేలలో నీళ్లు తగ్గగానే చిరుమాను, టేకు, నల్లమద్ది ఆకులు రాల్చేస్తాయి. ఆకు ఉంటే నీళ్లు ఆవిరైపోతూనే ఉంటాయి కదా. ఆకులు లేని ఆ రోజుల్లోనే మోదుగ విరగబూస్తుంది, ఇప్పపూలు తెల్లవారేసరికి కింద పరుచుకుంటాయి. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, వానలు రాకముందే, ఎండలు మండిపోతున్నప్పుడే, ఇప్పకు రాగిరంగు లేతాకు వస్తుంది. కానుగా అంతే. లోతు వేళ్లు తెచ్చిన నీళ్లు, మానులో దాచుకున్న నీళ్లు దానికి ఆధారం. తొలకరి పడేసరికి ఆకు సిద్ధంగా ఉంటే ఒక్క రోజు కూడా వృథా కాదు.

మానులో నీళ్లు దాచుకోవడం మా టేపుకు కూడా తెలుస్తుంది. ఎండలు ముదిరేకొద్దీ మాను కాస్త సన్నబడుతుంది, వానలు పడగానే మళ్లీ ఉబ్బుతుంది. ఒకసారి మేలో, ఇంకోసారి అక్టోబరులో కొలిస్తే పెరగని చెట్టు కూడా పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే ప్రతిసారీ అదే రుతువులో కొలుస్తాం.

అపోహ: ఒక చెట్టు కొట్టేస్తే పది మొక్కలు నాటితే సరిపోతుంది.

చుట్టుకొలత నుంచి చెట్టు బరువు తేల్చే సూత్రాలు మాకు ఉన్నాయి. వాటితో లెక్క వేసి చూడండి. 50 సెంటీమీటర్ల వ్యాసం (చుట్టుకొలత కాదు, అడ్డుకొలత), 20 మీటర్ల ఎత్తు ఉన్న గట్టి కలప చెట్టు నేల మీది భాగం, తేమ తీసేస్తే, దాదాపు రెండు టన్నులు తూగుతుంది. అందులో సగానికి కాస్త తక్కువ కర్బనం. మణికట్టంత లావు, అయిదు మీటర్ల ఎత్తు పెరిగిన మొక్క తూగేది అయిదు కిలోలు. అంటే ఆ ఒక్క చెట్టుకు సరితూగాలంటే అలాంటివి నాలుగు వందలు కావాలి. అవీ నాటిన మొక్కలు కావు, ఎండలకు, మేకలకు తట్టుకుని అంతదాకా బతికినవి. పైగా పెద్ద చెట్టు తొర్రలో గూడు కట్టే పక్షికి మొక్కతో పనేముంటుంది?

నాటడం వద్దని నేను అనడం లేదు. ఎక్కడ నాటుతున్నాం అన్నది ముఖ్యం. బీడు, బంజరు అని మనం పిలిచే నేలల్లో కొన్ని, వేల ఏళ్లుగా గడ్డిమైదానాలుగా, ముళ్లపొదలుగానే ఉన్నాయి. కలివికోడి అనే అరుదైన పిట్ట అంతరించిపోయిందని అంతా అనుకున్నాక 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది దట్టమైన అడవిలో కాదు, లంకమల దిగువన అలాంటి పొదల్లోనే. బట్టమేకపిట్టకు కర్నూలు వైపు రోళ్లపాడులో ఉన్నలాంటి గడ్డినేల కావాలి. అక్కడ గుంతలు తీసి వరసగా మొక్కలు పెడితే పచ్చదనం పెరుగుతుందేమో గానీ, పిట్టకు చోటు పోతుంది.

అపోహ: అటవీ విస్తీర్ణం పెరిగిందని రిపోర్టు వచ్చింది, ఇక బెంగ లేదు.

మన దేశ అటవీ నివేదికలో ఒక హెక్టారు, ఆ పైన నేల మీద చెట్ల కొమ్మల నీడ 10 శాతం దాటితే అది అటవీ విస్తీర్ణం కిందికే వస్తుంది. ఆ భూమి ఎవరిది, ఏ చెట్లు అన్నది చూడరు. జామాయిల్ తోటా, మామిడి తోటా అందులో పడొచ్చు. కాబట్టి పాత అడవి తగ్గి తోటలు పెరిగినా మొత్తం అంకె పెరగగలదు.

అపోహ: కార్బన్ డయాక్సైడ్ చెట్లకు ఆహారమే, పెరిగితే అడవికి మంచిదే.

కొంత నిజం ఉంది, అందుకే ఇది ఎక్కువమందిని నమ్మిస్తుంది. గాలిలో ఆ వాయువు పెరిగితే ఆకు ఎక్కువ చక్కెర తయారుచేయగలదు. కానీ చెట్టుకు చక్కెర ఒక్కటే చాలదు, భాస్వరం కావాలి, నీళ్లు కావాలి. ఆస్ట్రేలియాలో ముదురు జామాయిల్ అడవికి కొన్నేళ్లపాటు అదనంగా ఆ వాయువు అందించి చూశారు. చెట్లు ఎక్కువే పీల్చుకున్నాయి, మానులు మాత్రం లావెక్కలేదు. భాస్వరం తక్కువున్న ఆ నేలలో, పీల్చుకున్న అదనపు కర్బనంలో చాలా భాగం మళ్లీ గాలిలోకే వెళ్లిపోయింది.

ఆఫ్రికా, అమెజాన్‌లలో 565 చోట్ల, మూడు లక్షల చెట్లను దశాబ్దాల పాటు కొలిచిన లెక్కలు 2020లో వచ్చాయి. చెయ్యి పడని ఉష్ణమండల అడవులు 1990ల్లో 4,600 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ పీల్చుకున్నాయి. మనుషులు వదిలినదాంట్లో అది 17 శాతం. 2010ల్లో పీల్చుకున్నది 2,500 కోట్ల టన్నులు, అంటే 6 శాతం. అడవి విస్తీర్ణం తగ్గింది, మిగిలిన అడవి కూడా తక్కువ పీలుస్తోంది, మరోవైపు మన పొగ పెరిగింది. ఆ మరుసటి ఏడాదే బ్రెజిల్‌కు చెందిన లూసియానా గాటి బృందం, విమానాల్లో తిరిగి గాలి నమూనాలు తీసి, అమెజాన్ ఆగ్నేయ భాగం పీల్చేదానికంటే వదిలేదే ఎక్కువని తేల్చింది. ఆ పేపరు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అపోహ: ఉష్ణమండల చెట్లకు ఎండ అలవాటే.

అలవాటే, కానీ హద్దు దగ్గర్లోనే ఉంది. సగటున 46.7 డిగ్రీల దగ్గర ఈ చెట్ల ఆకుల్లో కిరణజన్య సంయోగక్రియ దెబ్బతినడం మొదలవుతుంది. ఇది ఆకు వేడి, గాలి వేడి కాదు. నీళ్లు తక్కువై ఆకు రంధ్రాలు మూసుకుంటే, ఎండలో ఉన్న ఆకు తన చుట్టూ ఉన్న గాలికంటే చాలా వేడెక్కుతుంది. రెంటచింతల ఎండలు తెలిసిన మనకు ఈ అంకె ఎంత దగ్గరో వివరించక్కర్లేదు.

అడవి మంటల గురించి ఒక్క మాట. పొడి అడవిలో ఆకుల మీదుగా పాకే మంటకు మందపాటి బెరడున్న పెద్ద చెట్లు తట్టుకుంటాయి, కాలిన చిన్న మొక్కలు చాలావరకు మొదలు నుంచి మళ్లీ చిగురిస్తాయి. ఏటా కాలితే మాత్రం అవి మొక్కల దశ దాటి చెట్లు కాలేవు. పైనుంచి చూస్తే అడవి నిండుగానే ఉంటుంది, కింద తర్వాతి తరం ఉండదు.

"మేమేం చేయగలం సార్?" అని పిల్లలు అడిగితే నేను చెప్పేది ఒకటే. ఇంటి దగ్గరో బడి దగ్గరో ఒక చెట్టు ఎంచుకోండి, వేపో, కానుగో, చింతో. వారానికోసారి చూసి చిగురు, పూత, కాయ ఉన్నాయో లేదో రాయండి. సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఇలాంటి లెక్కల్నే దేశమంతటి నుంచీ సేకరిస్తోంది. పూత ముందుకు జరుగుతోందా, వెనక్కి పోతోందా అని చెప్పాలంటే చాలా చెట్లను చాలా ఏళ్లు చూడాలి, అంతమంది మేం లేం.