దగ్గు మందు కంటే ముందు ఊపిరి లెక్క

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు సిరప్ తాగిన పసిపిల్లలు కిడ్నీలు దెబ్బతిని చనిపోయారు. చనిపోయినవాళ్లు 20 మందికి పైనే. ఆ సిరప్‌లో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ అన్ని రాష్ట్రాలకూ సూచన పంపింది. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దు, ఇవ్వొద్దు. ఐదేళ్ల లోపు వాళ్లకు కూడా మామూలుగా అవి వాడాల్సినవి కావు.

సిరప్ వద్దంటే మరి రాత్రంతా దగ్గే బిడ్డకు ఏం చేయాలని తల్లులు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. పిల్లలకు వచ్చే దగ్గుల్లో ఎక్కువ భాగం వైరస్ జలుబువి. ఏ మందూ లేకపోయినా వారం పది రోజుల్లో, ఒక్కోసారి ఇంకాస్త ఆలస్యంగా, వాటంతట అవే తగ్గుతాయి. కొన్ని మాత్రం నెమ్ము, అంటే న్యుమోనియా. అక్కడ ఒకటి రెండు రోజుల ఆలస్యమే ప్రాణం మీదకు తెస్తుంది. ఏ దగ్గు ఏ రకమో ఎక్స్‌రే, రక్త పరీక్ష లేకుండా ఊళ్లోనే చాలావరకు తేల్చే పద్ధతి ఒకటి నలభై ఏళ్లుగా ఉంది. బిడ్డ చొక్కా పైకెత్తి, ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టడం.

ఇది పుట్టింది పాపువా న్యూగినీ కొండల్లో, గొరోకా అనే పట్టణంలోని ఆస్పత్రిలో. అక్కడ నెమ్ముతో పిల్లలు విపరీతంగా చనిపోయేవాళ్లు. ఫ్రాంక్ షాన్ అనే పిల్లల వైద్యుడు, ఆయన సహచరులు జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లల ఊపిరితిత్తుల నుంచి సూదితో నమూనా తీసి చూశారు. ఎక్కువమందిలో దొరికినవి న్యుమోకాకస్, హీమోఫిలస్ అనే బ్యాక్టీరియాలు. అంటే చవకైన యాంటీబయాటిక్‌తో బతికించగల పిల్లలు వీళ్లు. ఆ మందు ఎవరికి ఇవ్వాలో డాక్టర్ లేని ఊళ్లో ఎవరు చెప్పాలి? స్టెతస్కోప్ పెట్టి ఊపిరితిత్తుల శబ్దాల్లో తేడా పట్టడం ఆరోగ్య కార్యకర్తకు నేర్పడం కష్టం. కళ్లకు కనిపించే గుర్తు కావాలి. నిమిషానికి 50 సార్లు దాటి ఊపిరి తీస్తున్న బిడ్డకు యాంటీబయాటిక్ ఇవ్వాలి, ఊపిరి తీసినప్పుడు ఛాతీ లోపలికి పోతుంటే ఆస్పత్రికి పంపాలి అని షాన్ 1984లో ప్రతిపాదించారు. మన అమ్మమ్మలు డొక్కలు ఎగరేస్తున్నాడని కంగారుపడేది ఈ గుర్తు చూసే.

ఆ లెక్కను సరిదిద్దింది మన పొరుగున ఉన్న వేలూరు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) వైద్యులు 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనం, ఏడాది దాటిన పిల్లలకు 50 అనే హద్దు సరిపోదని చూపించింది. పెద్దవుతున్న కొద్దీ ఊపిరి వేగం సహజంగానే తగ్గుతుంది కాబట్టి వాళ్లకు 40 దాటినా అనుమానించాలి. ఈరోజు ఆశా కార్యకర్త నుంచి పిల్లల డాక్టరు దాకా అందరూ వాడే హద్దులు అప్పటివే. రెండు నెలల లోపు శిశువుకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40.

గడ్చిరోలి లేకపోతే ఇదంతా కాగితం మీదే ఉండేదేమో. గోదావరి, ప్రాణహిత దాటితే మన తెలంగాణకు ఆనుకుని ఉన్న మహారాష్ట్ర జిల్లా అది. సిరోంచ వైపు తెలుగు మాట్లాడే ఊళ్లున్నాయి. డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ అక్కడ ‘సెర్చ్’ సంస్థ పెట్టి, నెమ్ము వైద్యాన్ని ఊరివాళ్ల చేతికే ఇచ్చి చూశారు. 58 ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలకు, మంత్రసానులకు జబ్బును గుర్తుపట్టడం, కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఇవ్వడం నేర్పారు. మరో 44 ఊళ్లతో పోల్చి చూశారు.

చిక్కల్లా మంత్రసానులతోనే వచ్చింది. అనుభవంలో వాళ్లను మించినవాళ్లు లేరు గానీ, చాలామందికి యాభై దాకా లెక్కపెట్టడం రాదు. వాళ్ల కోసం బంగ్ దంపతులు పూసల చట్రం ఒకటి తయారుచేశారు. దానికి ఒక నిమిషపు ఇసుక గడియారం జోడించారు. పదిసార్లు ఊపిరి తీస్తే ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపు ఎర్ర పూస దాకా వస్తే నెమ్ము. అక్షరం ముక్క రాని ఆడవాళ్లు దానితో రోగ నిర్ధారణ చేశారు. ఈ పరిశోధన మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఈ పూసల చట్రమే. పనిచేసేవాళ్లకు చదువు లేదని పక్కన పెట్టకుండా, వాళ్లకు తగ్గట్టు పరికరాన్ని మలిచారు.

1990లో ఫలితాలు లాన్సెట్‌లో వచ్చాయి. ఊరి కార్యకర్తలు వైద్యం చేసిన 612 నెమ్ము కేసుల్లో చనిపోయినవాళ్లు నూటికి ఒకరి కన్నా తక్కువ, 0.8 శాతం. పోల్చిచూసిన ఊళ్లలో అది 13.5 శాతం. నెమ్ము మరణాలు సగానికి పైగా తగ్గాయి. వివిధ దేశాల్లో జరిగిన ఇలాంటి ప్రయత్నాలను కలిపి 2003లో లెక్కగట్టినప్పుడు, ఐదేళ్ల లోపు పిల్లల్లో నెమ్ము మరణాలు 36 శాతం తగ్గినట్టు తేలింది.

1990లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ దగ్గును, విరేచనాలను, మలేరియాను, పోషకాహార లోపాన్ని విడివిడిగా చూడకుండా ఒకే చార్టులోకి తెచ్చాయి. మన దేశం దానికి నవజాత శిశువులను కూడా కలిపి ఐఎంఎన్‌సీఐ పేరుతో తీసుకుంది. కోట్రైమాక్సజోల్ స్థానంలోకి అమాక్సిసిలిన్ వచ్చింది. వేరే ప్రమాద సూచనలేవీ లేకుండా ఛాతీ మాత్రమే లోపలికి పోతున్న బిడ్డకు నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్‌తో ఇంటి దగ్గరే వైద్యం చేయొచ్చని 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2019 నవంబరులో కేంద్రం నెమ్ము మరణాలు తగ్గించడానికి ‘సాన్స్’ కార్యక్రమం మొదలుపెట్టి, ఆస్పత్రికి పంపేముందు మొదటి డోసు అమాక్సిసిలిన్ ఇచ్చే పని ఆశాలకు అప్పగించింది. టీకాల సంగతి వేరే కథ. హీమోఫిలస్‌ను ఆపే పెంటావాలెంట్ 2011 నుంచి దశలవారీగా, న్యుమోకాకస్‌ను ఆపే పీసీవీ 2017లో మొదలై 2021 నాటికి దేశమంతటా ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి.

ఈ లెక్కకు పరిమితులున్నాయి. జ్వరం ఎక్కువగా ఉన్నా, ఉబ్బసం ఉన్నా, బిడ్డ ఏడుస్తున్నా ఊపిరి వేగంగానే ఉంటుంది. పిల్లికూతలు వినిపిస్తే ముందు ఇన్‌హేలర్ మందు ఇచ్చి మళ్లీ లెక్కపెట్టాలి. ఆక్సిజన్ తగ్గిందో లేదో లెక్కతో తెలియదు, వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ కావాలి. పసిపిల్లలు ఒక్కోసారి గబగబా, ఒక్కోసారి ఆగి ఆగి ఊపిరి తీస్తారు కాబట్టి పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం కుదరదు. పూర్తి నిమిషం చూడాలి. బిడ్డ పాలు తాగలేకపోతే, తాగిందంతా కక్కేస్తే, ఫిట్స్ వస్తే, మగతగా పడి ఉంటే లెక్క కోసం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంతకాలం నిలబడిన ఈ పద్ధతి మన ఊళ్లలో చాలా చోట్ల అమలు కాదు. జ్వరం, దగ్గు అని వెళ్తే ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్, ఒక సిరప్, ఒక యాంటీబయాటిక్ చేతిలో పడతాయి. రద్దీగా ఉండే ఓపీలో డాక్టరుకు ఒక్కో బిడ్డకు రెండు మూడు నిమిషాలు దొరకడమే గగనం. దాంతో జలుబు పిల్లలకు అక్కర్లేని యాంటీబయాటిక్ వెళ్తోంది, నెమ్ము పిల్లలు సిరప్‌తో ఇంటికి వెళ్తున్నారు. నిమిషం లేనిది డాక్టరుకైతే నర్సు లెక్కపెట్టొచ్చు, పల్లె దవాఖానాలోనో విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనో ఏఎన్ఎం లెక్కపెట్టొచ్చు. దగ్గుతో వచ్చిన ప్రతి బిడ్డ ఓపీ చీటీ మీద బరువు, జ్వరం పక్కన ఊపిరి లెక్క కోసం ఒక గడి ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉంటే ఫార్మసీలో దగ్గుకు ఏ మందూ ఇవ్వకూడదు.