వినిపిస్తే తెలివి పెరుగుతుందా? 1998లో పక్కదారి పట్టిన మాట

బడులు తెరిచే రోజులు దగ్గరపడేసరికి విశాఖలో ఈ వాదన మళ్ళీ రాజుకుంది. ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా కరపత్రాలు తిరుగుతున్నాయి. పసిపిల్లలకు, గర్భిణులకు శాస్త్రీయ సంగీతం వినిపించే తరగతులట. ఐక్యూ పెరుగుతుందని హామీ, పెద్దవాళ్ళకైతే బీపీ తగ్గుతుందని ఇంకో మాట. స్పీకర్లో పాట పెట్టి కూర్చోబెట్టడానికి విడిగా ఫీజు ఏమిటని కొందరు తల్లిదండ్రులు నిలదీస్తున్నారు. ఇళ్ళలో సరళీ వరుసలు, జంట వరుసలు చెప్పుకునే సంగీతం మాస్టార్లు వాళ్ళ పక్షాన నిలిచారు. విదేశీ శాస్త్రవేత్తలే ఎప్పుడో తేల్చేశారన్నది నిర్వాహకుల జవాబు.

ఆ తేల్చడం 1993 నాటి మోజార్ట్ ప్రయోగం. చాలామంది విన్న కథే కాబట్టి రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకెళదాం. అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థులు పది నిమిషాల పాటు యూరప్ స్వరకర్త మోజార్ట్ రాసిన రెండు పియానోల సొనాటా (వాద్య సంగీత రచన) విన్నారు. కాగితాన్ని మడిచి కత్తిరిస్తే ఎలా ఉంటుందో మనసులోనే ఊహించే తరహా పరీక్షలో కాస్త మెరుగ్గా చేశారు. ఆ మెరుగు పావుగంట దాటి నిలవలేదు. అందులో పసిపిల్లలు లేరు, గర్భిణులు లేరు, ఆరోగ్యం ఊసే లేదు.

మరి పసిపిల్లలు ఎక్కడి నుంచి వచ్చారు? 1998 జనవరిలో వచ్చారు. ఈ వ్యవహారం మొత్తానికి మలుపు అదే. అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నర్ జెల్ మిల్లర్ బడ్జెట్ ప్రసంగంలో శాసనసభ్యులకు బీథోవెన్ సంగీతం వినిపించి, రాష్ట్రంలో పుట్టే ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం రికార్డింగ్ ఇవ్వడానికి 1,05,000 డాలర్లు కావాలన్నారు. చివరికి సోనీ సంస్థ వాటిని ఉచితంగా తయారుచేసి ఇచ్చింది. అదే ఏడాది ఫ్లోరిడా ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వ డబ్బుతో నడిచే శిశు సంరక్షణ కేంద్రాల్లో రోజూ శాస్త్రీయ సంగీతం వినిపించాలని చట్టమే చేసింది. కాలేజీ కుర్రాళ్ళ మీద పావుగంట నిలిచిన ఫలితం ఉయ్యాలలోని బిడ్డకు జీవితకాలపు తెలివిగా మారిపోయింది. మధ్యలో పసిబిడ్డల మీద అలాంటి ప్రయోగం ఒక్కటీ జరగలేదు. ఒక ప్రభుత్వం నమ్మిందన్న ధీమాయే రుజువుగా చలామణి అయింది. ఇవాళ మన కరపత్రాల్లో కనిపించేది ఆ 1998 మాటే, కింద వేసే సంవత్సరం మాత్రం 1993.

మరుసటి ఏడాదే దీనికి గట్టి దెబ్బ తగిలింది. మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టఫర్ చాబ్రిస్ 16 అధ్యయనాలను కలిపి లెక్కగడితే వచ్చిన తేడా ఐక్యూలో ఒకటిన్నర పాయింటుకు లోపే. సంగీతం వింటే మొత్తం తెలివితేటలు పెరుగుతాయని తాము అననే లేదని మొదటి ప్రయోగం చేసిన ఫ్రాన్సెస్ రాషర్ కూడా స్పష్టం చేశారు. ఆ తర్వాత కెనడాలో గ్లెన్ షెలెన్‌బర్గ్, ఆయన సహచరులు అసలు కారణం వెతికారు. మోజార్ట్ బదులు ఒక కథ చదివి వినిపించినా అదే ఫలితం వచ్చింది, కథ నచ్చినవాళ్ళు కథ విన్నాకే బాగా రాశారు. నెమ్మదిగా, విచారంగా సాగే సంగీతం వినిపిస్తే ఏమీ పెరగలేదు. అంటే పనిచేసింది ఉత్సాహం. పరీక్షకు ముందు మంచి కాఫీ తాగినట్టు. బ్రిటన్‌లో 8,000 మందికి పైగా పదీ పదకొండేళ్ళ పిల్లలతో చేసిన పరీక్షల్లోనైతే, కాగితం మడతల లెక్కలో మోజార్ట్ విన్నవాళ్ళకంటే పాప్ పాటలు విన్నవాళ్ళే ముందున్నారు.

మన దగ్గర మోజార్ట్ స్థానంలోకి ఆనందభైరవి, నీలాంబరి, హిందోళం వచ్చాయి. ఏ రాగం ఏ జబ్బుకో పట్టికలు వేశారు. పట్టికలకు ఆధారంగా ముత్తుస్వామి దీక్షితుల వారి కథ చెబుతారు: శిష్యుడు తంబియప్ప కడుపునొప్పితో బాధపడుతుంటే, జాతకంలో గురుగ్రహ దోషమని, అఠాణా రాగంలో ‘బృహస్పతే’ కీర్తన రచించి ఇచ్చారని. దీన్ని వైద్యానికి రుజువుగా చూపడం కీర్తనకే అన్యాయం, అది ప్రార్థన. పైగా ఆ కథలోనే ఉన్న ఒక సంగతిని నిర్వాహకులు వదిలేస్తున్నారు. తంబియప్ప ఆ కీర్తన విని ఊరుకోలేదు, రోజూ పాడాడు.

మాస్టార్ల వాదన అంతా ఈ ఒక్క తేడా మీదే నిలబడి ఉంది. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పెరిగిన ఊరు ఇది. విజయనగరం సంగీత కళాశాల 1919 నుంచి పక్క ఊళ్ళోనే ఉంది. ఈ ప్రాంతంలో సంగీతమంటే తెల్లవారుజామున కూర్చుని చేసే సాధన. వాళ్ళ వైపు కొంత శాస్త్రం కూడా ఉంది. 2004లో షెలెన్‌బర్గే 144 మంది ఆరేళ్ళ పిల్లల్ని తీసుకుని, కొందరికి ఏడాది పాటు కీబోర్డు లేదా గాత్రం నేర్పించారు. సంగీతం నేర్చుకున్నవాళ్ళ ఐక్యూ మిగతావాళ్ళకంటే రెండు మూడు పాయింట్లు ఎక్కువ పెరిగింది. ఇదీ పెద్ద తేడా కాదు. 2020లో దాదాపు 7,000 మంది పిల్లలతో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్ళు, కట్టుదిట్టంగా చేసిన వాటిలో ఆ కాస్త లాభమూ కనబడలేదన్నారు. అయినా నేర్చుకున్న పిల్లకు వర్ణం వస్తుంది, తాళం నిలుస్తుంది. స్పీకర్ ముందు కూర్చున్న పిల్లకు ఫీజు రశీదు మిగులుతుంది.

ఆరోగ్యం సంగతి వేరు, అక్కడ సంగీతానికి నిజంగానే పని ఉంది. శస్త్రచికిత్సల చుట్టూ సంగీతం వినిపించిన 73 ప్రయోగాలను కలిపి 2015లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. నొప్పి తగ్గింది, ఆందోళన తగ్గింది, నొప్పి మందుల వాడకం కూడా తగ్గింది. ఆసుపత్రిలో ఉండే రోజులు మాత్రం తగ్గలేదు. ఫలానా సంగీతమే కావాలన్న నియమమూ కనబడలేదు. 2008లో హెల్సింకీలో పక్షవాతం వచ్చిన రోగులు రోజూ తమకు నచ్చిన పాటలు వింటే మాటల జ్ఞాపకం, ఏకాగ్రత మెరుగ్గా కోలుకున్నాయి. త్యాగరాజ కీర్తన అయినా ఘంటసాల పాట అయినా రోగికి ఇష్టమైతే చాలన్నమాట.

ఈ మంచి ఫలితాలనే చూపించి, ఫలానా రాగం వింటే బీపీ మాత్రలు మానేయవచ్చని చెప్పేవాళ్ళు ఉన్నారు. ఫీజు తగవు కంటే ఇది చాలా ప్రమాదం. లాన్సెట్ లెక్కలోని రోగులు గానీ హెల్సింకీ రోగులు గానీ సంగీతం కోసం వైద్యం మానుకున్నవాళ్ళు కారు. మామూలు చికిత్స అంతా జరుగుతుండగా, పాట దానికి తోడుగా వచ్చింది.