టిప్పుల పన్ను సరే, 2 డాలర్ల 13 సెంట్ల జీతం సంగతేమిటి?

అమెరికాలో టిప్పులపై పన్ను మినహాయింపు మళ్లీ వివాదమైంది. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2025 నుంచి 2028 వరకు ఏడాదికి 25,000 డాలర్ల దాకా టిప్పులను ఆదాయపు పన్ను లెక్క నుంచి తీసివేయవచ్చు. వాదమంతా పన్ను చుట్టూనే తిరుగుతోంది కానీ, అసలు చిక్కుముడి 1996లో, జీతం దగ్గర పడింది.

అప్పటిదాకా రెస్టారెంట్లలో వడ్డించే సర్వర్లకు కేంద్ర (ఫెడరల్) కనీస వేతనంలో కనీసం సగం యజమాని తన జేబులోంచి ఇవ్వాల్సి ఉండేది. కనీస వేతనం గంటకు 4.25 డాలర్లు కాబట్టి ఆ సగం 2.13 అయింది. 1996లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ కనీస వేతనాన్ని రెండు విడతల్లో 5.15కు పెంచుతూ, రెస్టారెంట్ యజమానుల సంఘం ఒత్తిడి మేరకు, ‘సగం’ అనే నిబంధనను తొలగించి 2.13 అనే అంకెనే చట్టంలో స్థిరపరిచింది. 2009లో కనీస వేతనం 7.25కు చేరినా ఆ అంకె కదలలేదు. పాత నిబంధనే ఉండి ఉంటే నేడు అది 3.63 అయ్యేది. ఇప్పుడు 7.25లో 2.13 పోగా మిగతా 5.12 డాలర్లను యజమాని టిప్పుల నుంచి జమకట్టుకోవచ్చు. అంటే కస్టమరు సర్వరుకిచ్చే డబ్బులో కొంత యజమాని బాధ్యతను తీర్చడానికే పోతోంది.

టిప్పులతో కలిపినా కనీస వేతనం రాకపోతే ఆ లోటును తామే పూడుస్తామని యజమానులు అంటారు. చట్టం అలాగే చెబుతోంది. అయితే లెక్క వారానికి చూస్తారు కనుక, మంగళవారం ఖాళీ బల్లల ముందు నిలబడిన గంటలను శనివారం రాత్రి టిప్పులే పూడ్చేస్తాయి. యజమాని పైసా కలపనక్కర్లేదు.

ఇక పన్ను. వారానికి 30 గంటలు పనిచేసి 500 డాలర్ల టిప్పులు పొందిన సర్వరుకు 2.13 చొప్పున జీతం 63.90 డాలర్లు. సోషల్ సెక్యూరిటీ (వృద్ధాప్య పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) కింద 7.65 శాతాన్ని టిప్పులతో కలిపి లెక్కించి, ఆ జీతంలోంచే కోస్తారు: 43.14 డాలర్లు. మిగిలిన 20.76లో ఆదాయపు పన్ను కూడా పోతే జీతం చెక్కు సున్నాకు చేరుతుంది. కొత్త చట్టం ఊరటనిచ్చేది ఈ చివరి కోతకే. మొదటి కోత యథాతథం. ఆదాయం తక్కువై ఆదాయపు పన్నే పడని సర్వర్లకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

ఈ మినహాయింపు హామీని 2024 ఎన్నికల ప్రచారంలో ట్రంప్ లాస్ వెగాస్‌లో ప్రకటించారు. ఆ నగరమున్న నెవాడాతో పాటు కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఒరెగాన్, మిన్నెసోటా, మోంటానా, అలాస్కా రాష్ట్రాల్లో టిప్పును జీతంలో జమకట్టుకునే వీలు యజమానికి లేదు. అక్కడ సర్వరుకు రాష్ట్ర కనీస వేతనం పూర్తిగా చెల్లించాల్సిందే, టిప్పులు దానికి అదనం.