మన ఆకాశంలో సప్తర్షులు కూడా అస్తమిస్తారు

ఒంగోలు చుట్టుపక్కల పిల్లలకు రాత్రిపూట ఆకాశం చూపిస్తుంటాను. పుస్తకాల్లో వాళ్లు చూసే బొమ్మలు చాలావరకు ఉత్తరాన ఎక్కడో ఉన్న చలిదేశాల ఆకాశానివి. మనం ఉన్నది 15 డిగ్రీల అక్షాంశం దగ్గర. ఇక్కడ చుక్కల నడక వేరు.

అపోహ: సప్తర్షి మండలం రాత్రంతా ధ్రువుడి చుట్టూ తిరుగుతుంది, ఎప్పుడూ అస్తమించదు.

వాస్తవం: లండన్‌లో అయితే నిజమే. ఏ ఊరి అక్షాంశం ఎంతో, ధ్రువ నక్షత్రం ఆ ఊళ్లో దాదాపు అంతే ఎత్తులో కనిపిస్తుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. అంటే ఒంగోల్లో ధ్రువుడు ఉత్తరాన నేల అంచు నుంచి పిడికిలిన్నర ఎత్తులోనే ఉంటాడు, మేడ అడ్డమొస్తే ఇక దొరకడు. సప్తర్షులు ఆయనకు 28 డిగ్రీలకు పైగా దూరం. కాబట్టి తిరుగుతూ తిరుగుతూ నేల కిందికి దిగాల్సిందే. కార్తీక మాసంలో రాత్రి తొమ్మిదింటికి ఎంత వెతికినా కనిపించరు. తెల్లవారుజామున చూడండి, ఏడుగురూ ఈశాన్యంలో ఉంటారు. ఆకాశంలో కనిపించింది పుస్తకంతో కలవకపోతే తన కళ్లదే తప్పని ఏ పిల్లవాడూ అనుకోకూడదు.

ధ్రువుడే అందరికన్నా ప్రకాశవంతుడన్నది కూడా అపోహే. వెలుగులో దాదాపు 50వ స్థానం. బొత్తిగా కదలడనీ అనలేం, చాలా చిన్న చుట్టు తిరుగుతాడు.

అపోహ: చుక్కలు రోజూ ఒకే టైముకి పొడుస్తాయి.

వాస్తవం: చుక్కల లెక్కన భూమి ఒక చుట్టు తిరగడానికి పట్టేది 23 గంటల 56 నిమిషాలే. అందుకే ప్రతి చుక్కా రోజుకి 4 నిమిషాలు ముందే పొడుస్తుంది, నెలకి రెండు గంటలు. డిసెంబరు మొదట్లో రాత్రి ఏడు దాటాక కొత్తపట్నం బీచ్‌లో సముద్రం వైపు తిరిగి నిలబడండి. మబ్బు లేకపోతే గొల్లకావిడి మూడు చుక్కలూ సరిగ్గా తూర్పున, దాదాపు నిలువుగా, ఒకదాని వెనక ఒకటి నీళ్లలోంచి పైకొస్తాయి. జనవరి మొదట్లో అదే టైముకి వెళ్తే అప్పటికే మూడు పిడికిళ్ల ఎత్తుకి ఎక్కేసి ఉంటాయి. గొల్లకావిడి ఆకాశంలో ఉండేది 12 గంటలు. దక్షిణాన తక్కువ ఎత్తులో నడిచే అగస్త్య నక్షత్రం మాత్రం ఇక్కడ సుమారు 9 గంటలే ఉంటుంది.

అపోహ: కదిలే చుక్క కనిపిస్తే శ్రీహరికోట రాకెట్టే.

వాస్తవం: రాకెట్ మంట కొద్ది నిమిషాలే కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ లైట్లు మిణుకుమంటుంటే విమానం. చప్పుడు లేకుండా ఒకే వేగంతో సాగిపోయి, నడిమధ్యలో మాయమైతే ఉపగ్రహం. అది ఏ దేశానిదైనా కావచ్చు. మాయం కావడానికి కారణం, అది భూమి నీడలోకి వెళ్లడమే.